ఎర్రగెడ్డల్లో తూర్పు గుమ్మం

మా ఆయనకి ఎడారి పిచ్చి పట్టింది. మాది అనకాపల్లి. ఊరు దాటితే చెరుకు తోటలు, వరిచేలు, వానాకాలమైతే మడమల దాకా బురద. ఎడారికీ మాకూ ఏ జన్మలోనూ చుట్టరికం లేదు. అయినా పట్టింది.

అచ్యుతాపురంలో ఉద్యోగం. కంపెనీ బస్సు దిగి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, కంచం ముందు కూర్చోగానే ఫోను పప్పుగిన్నెకి ఆనించి పెడతారు. అందులో ఎవడో వీపున సంచీ వేసుకుని, ఎర్రటి రాతిగోడల మధ్య సన్నటి సందులో నడుస్తుంటాడు. నడిచి నడిచి చివరికి ఓ రాతి తోరణం దగ్గరికి చేరతాడు. కొండే మధ్యలో తొలుచుకుపోయి గుమ్మంలా నిలబడి ఉంటుంది. వాడు దాని కింద కూర్చుని నీళ్లు తాగుతాడు. అంతే, అయిపోయింది. ఆ నడిచేవాడు ఎవరితోనూ మాట్లాడడు, వాడితో ఎవరూ మాట్లాడరు. మా ఆయనకి అందులో నచ్చింది అదేనని నా అనుమానం.

ఓ రోజు నన్ను కూచోబెట్టి పాఠం చెప్పారు. లక్షల ఏళ్లు గాలీ నీరూ కలిసి ఇసుకరాయిని కొంచెం కొంచెంగా తొలిస్తే అలాంటి తోరణం తయారవుతుందట. నాకు ఒళ్లు మండింది. మా బాత్రూంలో కుళాయి కారి కారి కింద గచ్చు గుంట పడింది, దానికి లక్షల ఏళ్లు పట్టలేదు, దాన్ని ఎవరూ వీడియో తియ్యట్లేదు అన్నాను. ఆ కుళాయి బాగు చేయించమని ఇంటాయనకి చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఇంటాయన అన్నానుగా. పెళ్లయినప్పటినుంచీ మావి అద్దె కొంపలే. ఎన్ని మారామో లెక్క పెట్టుకోవడం కూడా మానేశాను. ఒక ఇంట్లో గోడకి మేకు కొట్టకూడదు. దేవుడి పటాలన్నీ కిటికీలో బారుగా నిలబెట్టి, గాలేస్తే దేవుళ్లని పట్టుకుని కూర్చునేదాన్ని. ఇంకో ఇంట్లో చుట్టాలొస్తే ఇంటావిడ మెట్ల మీద నిలబడి ఎన్ని బకెట్లు తోడుతున్నామో చూసేది. ఇప్పుడున్న గవరపాలెం ఇంట్లో వంటగది ఎంత ఇరుకంటే, నేను పోపు వేస్తుంటే వెనక ఫ్రిజ్ తలుపు తియ్యడానికి లేదు.

అలాగని మాకు స్థలం లేదా అంటే ఉంది. తుమ్మపాల దాటాక ఓ ముక్క ఎప్పుడో కొన్నాం. అందులో ఏటా గడ్డి పెరుగుతుంది, ఏటా ఎవరిదో ఓ గేదె మేస్తుంది. ఇల్లు కడదామండీ అంటే వచ్చే ఏడు అంటారు. ఓ ఏడు ఇనుము ధర బాగోలేదు. ఓ ఏడు ముహూర్తాల్లేవు. ఓ ఏడు ఈయనకి షిఫ్టు మారింది. ఏ సాకూ దొరకనప్పుడు, స్థలానికి రోడ్డు పడమరవైపు ఉంది, నీకేమో తూర్పు గుమ్మం కావాలి, ఎలా కుదురుతుంది అంటారు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు కదా పెద్దలు. అమ్మాయి పెళ్లి చేసిన రోజు సాయంత్రం పందిట్లో కుర్చీలు మడతపెడుతుండగా ఈ మాటెత్తాను.

"రెండిట్లో ఒకటి సూసేం గదే, సాల్దేటి?" అన్నారు.

అలాంటి మనిషికి కంపెనీ బస్సులో ఎవరో చెప్పారు. రాజయ్యపేట అవతల, తీరం వెంట ఎర్రటి దిబ్బలున్నాయని, వానలకి అవి కోసుకుపోయి నిలువెత్తు గోడల్లాంటి సందులు పడ్డాయని, చేపల వేటకెళ్లేవాళ్లు వాటిని ఎర్రగెడ్డలంటారని, ఆ సందుల్లో పడి నడిస్తే చివర సముద్రం ఒడ్డున ఓ రాతి తోరణం ఉందని. సరిగ్గా ఎక్కడో నేను చెప్పను. చెప్పానంటే వచ్చే ఆదివారానికి అక్కడ మిరపకాయ బజ్జీల బండి వెలుస్తుంది.

ఆదివారం తెల్లారేసరికి మా అన్నయ్యగారిని, అంటే మా ఆడపడుచు భర్తని, వెంటేసుకుని వెళ్లారు. ఆయన బెల్లం మార్కెట్లో పని చేస్తారు. మాట తక్కువ, తిండి ఎక్కువ. ఇద్దరూ సాయంత్రం తలనుంచి కాళ్ల దాకా ఎర్రటి దుమ్ముతో తిరిగొచ్చారు. తోరణాన్ని గట్టు మీంచి చూశారట గానీ కిందకి వెళ్లలేకపోయారట. సముద్రం పోటు మీద ఉంటే అక్కడ నడుము లోతు నీళ్లు, ఆటుకి నీళ్లు వెనక్కి తగ్గితేనే దాని కిందకి నడిచి వెళ్లగలం. ఆ రోజు మా ఆయన భోజనం దగ్గర ఫోను పెట్టలేదు. అన్నం కలుపుతూ ఊరికే నవ్వుకుంటుంటే నాకు భయం వేసింది.

మర్నాడు కాలేజీ గ్రౌండులో తనతో నడిచే వాకింగ్ బ్యాచ్ అందరికీ ప్రకటించేశారు. భార్యలతో సహా అందరూ రావాలి, వ్యాను మాట్లాడతాను, ఆటు వేళ చూసి తోరణం కిందకి తీసుకెళ్తాను అని. ఓ టోపీ కొన్నారు. మొలతాడంత సన్నటి తాళ్లున్న బూట్లు కొన్నారు. ఓ చేతికర్ర కొన్నారు, అది లాగితే పెరుగుతుంది, నొక్కితే తగ్గుతుంది. వారం రోజులు ఇంట్లో దాన్ని లాగుతూ నొక్కుతూ తిరిగారు.

ఆ వారంలోనే ఇంటాయన వచ్చి, తన అల్లుడు ఈ ఊరికి బదిలీ అయ్యాడని, వచ్చే నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యమని చల్లగా చెప్పి వెళ్లాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. మళ్లీ అట్టపెట్టెలు, మళ్లీ గిన్నెలకి పాతచీరలు చుట్టడం, మళ్లీ ఎవరింటి గోడకో మేకు కొట్టొచ్చా అని అడగడం. నేను వంటగది గుమ్మంలో కూలబడిపోయాను. ఈసారైనా మన స్థలంలో మొదలెడదామండీ అని అడిగాను. అడిగాను అనడం కాదు, బతిమాలాను.

ఆయన కర్ర నొక్కి చిన్నది చేసి, "ముందు ఈ ట్రెక్కింగు అవనీయే, తర్వాత సూద్దాం," అన్నారు.

ఆ తర్వాత ఆయనతో నేను మాట్లాడలేదు. ట్రెక్కింగుకి రానని మా వదినతో, అంటే ఆ ఆడపడుచుతోనే, కబురు పెట్టాను. వదిన తిరుగు కబురు పెట్టలేదు, తానే వచ్చింది. నువ్వు రాకపోతే పులిహోరకి పోపు ఎవరు పెడతారు అని అడిగింది. లేచి చింతపండు నానబెట్టాను.

గైడు గారు, అంటే మా ఆయనే, ముందే హెచ్చరించారు. తలో నీళ్లసీసా, గుప్పెడు వేరుశెనగ గుళ్లు, అంతకు మించి ఏమీ తేవద్దని. వ్యానులో గుండిగెడు పులిహోర ఎక్కింది. గారెల డబ్బా ఎక్కింది. ఎవరో పనసకాయ కూర కూడా తెచ్చారు. వదిన పసుపు కుంకుమల భరిణె, ఓ కొబ్బరికాయ చేతిసంచీలో పెట్టుకుంది. రాయి ఎక్కడ నిలబడితే అక్కడ దేవుడుంటాడు, ఉత్తి చేతుల్తో ఎలా వెళ్తాం అంది. మా ఆయన టోపీ ముఖం మీదకి లాక్కుని ముందు సీట్లో కూర్చున్నారు.

ఎలమంచిలి దాటి, నక్కపల్లి దగ్గర హైవే దిగి, తీరం వైపు మట్టిరోడ్డు పట్టాం. ఎర్రగెడ్డల మొదట్లో వ్యాను ఆగింది. నిజం చెప్పొద్దూ, బాగానే ఉంది. రెండు వైపులా పసుపు కలిపిన సున్నంలా ఎర్రటి గోడలు, మధ్యలో మెత్తటి ఇసుక, పక్క కొండ మీంచి వానకి కొట్టుకొచ్చిన పలకరాళ్లు అక్కడక్కడా. గాలి లోపల తిరుగుతుంటే చల్లగా ఉంది. కోపంలో ఉన్నాను కాబట్టి బాగుందని పైకి అనలేదు.

మా ఆయన కర్రని పూర్తి పొడవు లాగి, తానూ బావా ముందు వెళ్తామని, మేము టిఫిన్లు కానిచ్చి నెమ్మదిగా రావచ్చని చెప్పారు. లోపల దారి చాలాచోట్ల చీలుతుంది, చీలిన చోటల్లా గుర్తు పెడతాను, గుర్తులు చూసుకుంటూ వస్తే నేరుగా తోరణం దగ్గర తేలతారు అన్నారు. ఏం గుర్తులో చెప్పలేదు. ఆయన దృష్టిలో అది ప్రపంచమంతటికీ తెలిసిన సంగతి. సుద్దతో బాణం గీస్తారనుకున్నాం. లేకపోతే గుడ్డపేలిక కడతారనుకున్నాం.

టిఫిన్లు తిని బయల్దేరాం. మొదటి చీలిక దగ్గరే ఓ పక్కన రాయి మీద రాయి, రాయి మీద రాయి, పొందిగ్గా పేర్చి ఉన్నాయి. బాణమూ లేదు, పేలికా లేదు. అందరూ ఆగిపోయారు. వదిన చెంపలేసుకుంది.

"ఇదేదో మహిమ గల సోటమ్మా. ఎవలో ఇల్లు మొక్కుకున్నారు," అంది.

ఎడారుల్లో నడిచేవాళ్లు దారి గుర్తుకి రాళ్లు పేరుస్తారని మాకేం తెలుసు. మాకు తెలిసిందల్లా సింహాచలం. గిరి ప్రదక్షిణకి వెళ్తే దారి పొడుగునా రాళ్లు పేర్చి ఉంటాయి. సొంతిల్లు కావాలనుకున్నవాళ్లు రాయి మీద రాయి పెట్టి స్వామికి దణ్ణం పెట్టుకుంటారు. ఎన్ని రాళ్లు పేరిస్తే అన్ని అంతస్తులు. మా వైపు పుట్టిన ఎవరికి పేర్చిన రాళ్లు కనపడినా ఇంకో ఆలోచన రాదు. చేతులు వాటంతటవే రాళ్లకోసం వెతుకుతాయి.

ఇక చూడాలి. వాకింగ్ బ్యాచ్ మొత్తం నడక మానేసి మేస్త్రీలైపోయింది. వదిన మూడంతస్తులు లేపింది. ఆవిడ పక్కనావిడ పోటీగా నాలుగు లేపితే అది కూలింది, పునాది బాగోలేదని వదిన నవ్వింది. బ్యాంకులో చేసి రిటైరైన ఓ పెద్దాయన, ఇల్లు ఉంది గానీ కొడుక్కి వేరే ఫ్లాటు కావాలని ఇంకోటి పేర్చాడు. దగ్గర్లో మంచి రాళ్లు అయిపోయాయి. పక్క సందులోకి వెళ్లి అక్కడ పేర్చారు. ఆ సందులోంచి ఇంకో సందులోకి వెళ్లారు. లోపల ఇంకో చీలిక దగ్గర మళ్లీ ఎవరో పేర్చిన రాళ్లు కనిపించేసరికి నమ్మకం గట్టిపడింది. ఇంతమంది మొక్కారంటే ఉత్తినే మొక్కరు కదా అన్నారు. గోడ కనపడితే చాలు, కింద ఓ ఇల్లు లేచింది.

నేను పేర్చలేదు. రాళ్లు పేరిస్తే ఇళ్లొస్తాయా, మొగుడు కదిలితే వస్తాయి గానీ అని చెప్పి వెనకబడిపోయాను. అందరి గొంతులూ దూరమయ్యాయి. ఓ మలుపులో దారి రెండుగా చీలింది. అక్కడ ఎవరూ లేరు. కింద మూడు పలకరాళ్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. అప్పుడే ఎండ ఓ సందులోంచి సూటిగా వచ్చి నా ముఖం మీద పడింది. ఎంతసేపు నిలబడ్డానో. అటూ ఇటూ చూసి కొంగు దోపుకుని కూర్చున్నాను.

ఆ మూడు రాళ్లూ పునాది. దాని మీద నాలుగు వైపులా చిన్న చిన్న రాళ్లు నిలబెట్టి గోడలు కట్టాను. ఎండ వచ్చే వైపు, తూర్పుకి, రెండు రాళ్ల మధ్య ఖాళీ వదిలి పైన సన్నటి రాయి అడ్డం పెట్టాను. అది గుమ్మం. ఆగ్నేయం మూల వంటిల్లు, ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరుచుకునేంత వెడల్పు. ఈశాన్యంలో దేవుడు, గోడకి ఎన్ని మేకులు కావాలంటే అన్ని. పడమట రోడ్డు. రోడ్డు మీంచి తూర్పు గుమ్మానికి ఎలా రావాలన్నది ఇన్నాళ్లూ మా ఆయన అడిగే ప్రశ్న కదా. దానికి జవాబు నాకెప్పుడో తెలుసు. ఉత్తరం గోడ పక్కన సందు వదిలేశాను. పైన పలక కప్పాను. కప్పు మీద పడమర కొసకి ఓ చిన్న గది. అన్నిటికన్నా పైన గుండ్రటి గులకరాయి ఒకటి పెట్టాను. అది నీళ్ల ట్యాంకు. ఈ ఇల్లు నేను కొత్తగా ఆలోచించింది కాదు. పోపు వేసేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు, ఏళ్ల తరబడి బుర్రలో కడుతున్నదే. కట్టడం అయ్యాక ఎందుకో ఏడుపొచ్చింది. ఏడ్చేసి, ముక్కు చీదుకుని, వెళ్లి వాళ్లలో కలిసిపోయాను. ఎవరికీ చెప్పలేదు.

అవతల మా ఆయన సముద్రం వైపు కొసన నిలబడి మాకోసం చూశారట. ఆటు మొదలైంది, నీళ్లు తగ్గాయి, తోరణం కింద ఇసుక తేలింది. మేము రాలేదు. చూసి చూసి, తన గుర్తులు పట్టుకుని వెనక్కి బయల్దేరారు. దారిలో తాను పెట్టని చోట కూడా గుర్తు కనపడేసరికి మొదట పొంగిపోయారట. చూశావా బావా, మనలాంటి వాళ్లు ఇక్కడికి చాలామందే వస్తున్నారు అన్నారట. ఆ గుర్తు పట్టుకుని వెళ్తే గోడ అడ్డం వచ్చింది. ఇంకో గుర్తు పట్టుకుంటే ఇంకో గోడ. అలా తిరిగి తిరిగి, కేకలు వేసుకుంటూ మా దగ్గరికి వచ్చిపడేసరికి టోపీ ఎరుపు, మీసం ఎరుపు, కళ్లు అంతకన్నా ఎరుపు.

మేమంతా రాళ్ల దగ్గర కూర్చుని గారెలు తింటున్నాం.

విషయం బయటపడింది. అవి ఇళ్లు కావని, దారి గుర్తులని మా ఆయన గొంతు చించుకుని చెప్పారు. ముందే చెప్పొచ్చు కదా అన్నారు అందరూ. తప్పంతా గైడుదేనని తేలిపోయింది. అప్పటికి మబ్బు కమ్ముకుంది, సూర్యుడు ఎటు ఉన్నాడో తెలియడం లేదు. సముద్రం హోరు వినపడుతోంది గానీ గోడలకి తగిలి నాలుగు వైపులనుంచీ వినపడుతోంది. మా ఆయన ఫోను వీడియోలు తీసి తీసి చచ్చిపోయింది. మిగతా ఫోన్లలో సిగ్నల్ లేదు. బ్యాంకు పెద్దాయన ఫోనులో దిక్కులు చూపించే ముల్లు ఉందన్నాడు. దాన్ని చూసి ఇంకో ఇద్దరు తమ ఫోన్లు తీశారు. ఒక్కో ఫోను ఒక్కో తూర్పు చూపించింది.

దొంగ గుర్తులన్నీ పడగొట్టేస్తే అసలువి మిగుల్తాయని మా ఆయన తేల్చారు. తేల్చడమే తడవు ఎదురుగా ఉన్నదాన్ని కాలితో తన్నారు. అది సొంత అక్కగారి మూడంతస్తుల మేడ.

వదిన అరవలేదు. ఇసుకలో చతికిలబడింది. "తోడబుట్టినోడివి. నా కొంప కూల్సేసేవురా," అంది, అంతే. ఇక లేవనంది. తిరిగి కడితేగానీ అక్కడినుంచి కదలనంది. అవతల తోరణం కింద ఆటు దాటిపోతోంది, ఇవతల మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని మేడ కడుతున్నారు. రెండో అంతస్తు వంకరగా ఉందని ఆవిడ మళ్లీ తీయించింది. ఆ ఇల్లయ్యేదాకా నోరెత్తని అన్నయ్యగారు అప్పుడు గొంతు సవరించుకున్నారు. పొద్దున్న ముందు వెళ్తున్నప్పుడు, బావ అటు తిరిగినప్పుడల్లా తానూ ఒకటి పేర్చానని ఒప్పుకున్నారు.

"ముందు షట్టర్లు రెండు ఒగ్గేను బావా. అద్దెకిచ్చుకోవచ్చని," అన్నారు.

మా ఆయన టోపీ తీసి ఇసుక దులుపుకున్నారు. తిట్టే శక్తి అయిపోయింది.

అక్కడినుంచి ఏ సందు పడితే ఆ సందు. మేము పేర్చిన ఇళ్లే మాకు మళ్లీ మళ్లీ ఎదురొచ్చాయి. ఇది మాది, ఇది మీది అని గుర్తుపట్టడం తప్ప దారి దొరకలేదు. పోటు మొదలైతే తోరణం ఈ జన్మకి లేదన్నట్టు మా ఆయన ముఖం పెట్టారు. కోపం కోపంగానే ఉంది గానీ ఆ ముఖం చూసి నాకు జాలేసింది. అప్పుడే ఓ మలుపు తిరిగాం. ఎదురుగా నా ఇల్లు.

"ఇదొకటి," అని ఆయన కర్ర ఎత్తారు.

నేను వెళ్లి అడ్డంగా నిలబడ్డాను. అన్ని రోజుల తర్వాత ఆయనతో మాట్లాడిన మొదటి మాట అదే.

"దీన్ని ముట్టుకున్నారంటే ఈసారి సామాను మీరొక్కరే మొయ్యండి."

కర్ర గాలిలోనే ఆగింది. ఇదెవలిది అని అడిగారు. నాది అన్నాను. అందరూ చుట్టూ మూగారు. అన్నయ్యగారు వంగి, మెడ వాల్చి పరిశీలనగా చూశారు.

"ఈ కన్నమేటి సెల్లెమ్మా?"

"కన్నం కాదన్నయ్యా, గుమ్మం. తూర్పు గుమ్మం. పొద్దున్న ఎండ చూసే పెట్టాను."

ఇంకెవరూ అడక్కుండానే నేను మొదలెట్టాను. ఆగ్నేయంలో వంటిల్లు అన్నాను, ఈశాన్యంలో దేవుడు అన్నాను, ఫ్రిజ్ సంగతి కూడా చెప్పాను. అన్నయ్యగారు ప్యాంటు దులుపుకుని లేచారు. గుమ్మం ఎటు చూస్తోందో అటు చెయ్యి చాచారు.

"మరైతే సముద్రం ఇటే గదా బావా," అన్నారు.

అందరూ అటు కదిలారు. మా ఆయన కదలలేదు. కర్ర పక్కన పడేసి నా ఇంటి ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. కొత్త బూట్లు మడతలు పడ్డాయి.

"రోడ్డు పడమర గదే మనకి. గుమ్మం కాడికి ఎలాగొత్తాం?"

ఉత్తరం వైపు సందు వేలితో చూపించాను. "ఇలా నడిచి వస్తాం. మీకు సందుల్లో నడవడమంటే ఇష్టం కదా."

ఆయన ఆ సందులో వేలు పెట్టి రోడ్డు నుంచి గుమ్మం దాకా నడిపించారు. పైన పడమట గది ఎవరికని అడిగారు. మీకే, వీడియోలు చూసుకోడానికి అన్నాను. పప్పుగిన్నె నాకు తిరిగిచ్చేస్తే చాలన్నాను. ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"ఇదేటి?" అని గులకరాయి చూపించారు.

"ట్యాంకు."

తలూపి లేచారు. కర్ర తీసుకోవడం మర్చిపోయారు, అదింకా అక్కడే ఉండి ఉంటుంది.

గుమ్మం చూపిన సందులో పడి నడిస్తే గోడలు విడిపోయి ఒక్కసారిగా గాలి మొహాన కొట్టింది. సముద్రం. ఒడ్డున తోరణం. ఫోనులో చూసినంత పెద్దది కాదు. దాని కిందనుంచి ఓ లారీ దూరుతుందేమో, అంతే. అయినా అంత రాయి ఏ ఆధారం లేకుండా నీళ్ల మీద అలా వంగి నిలబడి ఉంటే తెలియకుండానే చెప్పులు విప్పేశాను. పోటు మొదలైంది గానీ ఇంకా మోకాలి లోతే. ఆడవాళ్లం చీరలు ఎత్తి పట్టుకుని, మగవాళ్లు ప్యాంట్లు మడిచి దాని కిందనుంచి అటూ ఇటూ నడిచాం. గుమ్మం దాటుతూ ఉత్తినే ఎలా దాటుతాం అని వదిన దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. కొబ్బరికాయ కొట్టింది. లక్షల ఏళ్ల రాయికి గడప పూజ జరుగుతుంటే మా ఆయన అడ్డు చెప్పలేదు. రెండో అల వచ్చి ఆ బొట్టు కడిగేసింది.

అందరూ ఒడ్డుకెళ్లి పులిహోర విప్పాక కూడా ఆయన తోరణం కిందే నిలబడ్డారు. ఫొటో తీసుకుందామంటే ఫోను చచ్చి జేబులో ఉంది. అరచెయ్యి రాతికి ఆనించి పైకి చూస్తున్నారు. ఇప్పుడు గాలి గురించీ నీళ్ల గురించీ పాఠం తప్పదనుకుంటూ పక్కకి వెళ్లాను.

"గుమ్మం ఎత్తినప్పుడు మీ పుట్టింటోళ్లు ఉండాల గదా. మీ అన్నయ్యకి ఎప్పుడు ఈలవుద్దో కనుక్కో," అన్నారు.

ఏ గుమ్మం అని అడిగాను.

"మనదేనే. ఏ గుమ్మమేటి," అని అటు తిరిగిపోయారు.

సంతోషమా అంటే సంతోషమే. నీళ్లలో నిలబడి బావురుమన్నాను. కోపం కూడా వచ్చింది. ఇన్నేళ్లు నోటితో చెప్తే ఎక్కనిది గులకరాళ్లతో చెప్తే ఎక్కిందా అని. ఆ మాట కూడా అనేశాను. ఆయన విన్నారో లేదో, అల చప్పుడు చేసింది. ఒడ్డునుంచి వదిన, పులిహోర అయిపోతోందని కేక పెట్టింది.

ఇంటాయన పెట్టిన గడువు తీరేలోపే ఇంకో అద్దె ఇంటికి మారాం. అక్కడా మేకులు కొట్టకూడదన్నారు. ఈసారి ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. పెట్టెలు సగం విప్పకుండా అలాగే ఉంచేశాను.

మంచిరోజు చూసి తుమ్మపాల స్థలంలో ముగ్గు పోశాం. గేదెని దాని యజమాని బతిమాలి తోలుకెళ్లాడు. మేస్త్రీ తాళ్లు కట్టి, సున్నంతో గోడలన్నీ నేలమీద గీస్తున్నాడు. వంటింటి గీత ఇంకో అడుగు జరపమని నేను వాడితో పోట్లాడుతున్నాను. చూస్తే మా ఆయన పక్కన లేరు. పడమట రోడ్డు మీంచి ఉత్తరం సందు గీతల మధ్యలో ఒక్కరే నడిచి వస్తున్నారు, రెండు వైపులా గోడలు ఉన్నట్టు భుజాలు ముడుచుకుని. సందు తిరిగి తూర్పుకి వచ్చే మలుపు దగ్గర కూర్చుని ఏదో చేస్తున్నారు. దగ్గరికెళ్లి చూస్తే మూడు ఇటుక ముక్కలు, ఒకదాని మీద ఒకటి.

"ఏటండీ ఇది?"

"గుర్తు. దారి తప్పకుండా," అన్నారు తలెత్తకుండా.

నేను చుట్టూ వెతికి, గడ్డిలో ఓ గుండ్రటి రాయి దొరికితే తెచ్చి దాని పైన పెట్టాను. ట్యాంకు లేకుండా నీళ్లెక్కడినుంచి వస్తాయి.